మూతమీద కుక్కబొమ్మ, అడుగున ఎవరి మోటారు?

మీ ఇంట్లో అటకమీదనో, మంచం కిందనో కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె ఒకటి ఉందనుకోండి. "ఇది ఎవరు చేసిందండీ?" అని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? "ఇంకెవరు? హెచ్.ఎం.వి. వాళ్లు. మూతమీద కుక్కబొమ్మ ఉందిగా!" అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. ఒకటి కాదు రెండు కాదు, అరవై తొమ్మిదేళ్లు అనుకున్నాం. అది నిజం కాదని మాకు చెప్పింది మా సరూర్‌నగర్ చెరువు!

2020 అక్టోబరు వానలు హైదరాబాదు వాళ్లెవరూ మరిచిపోరు. చెరువు నిండి పొర్లి దిగువ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. మా ఇల్లు ఆ దిగువనే. ముందుగదిలో మోకాలిలోతు నీళ్లు. బియ్యం డబ్బాలూ, పట్టుచీరలూ, పిల్లల సర్టిఫికెట్లూ మేడమీదికి మోసే హడావుడిలో మంచం కిందున్న గ్రామఫోను సంగతి ఎవరికీ తోచలేదు. నీళ్లు తీసి, బురద కడిగాక మా అత్తమ్మ మొట్టమొదట అడిగింది దాన్నే. "నా పాటపెట్టె యాడున్నది బిడ్డా?" అన్నారు. ఆవిడకి అప్పుడు ఎనభై అయిదేళ్లు. 1951లో పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నల్లగొండ దగ్గరి పల్లెనుంచి ఆవిడ తండ్రి సారెతోపాటు పంపిన పెట్టె అది.

పెట్టె ఉబ్బిపోయింది. పైన అంటించిన రెక్సిను ఊడి వేలాడుతోంది. కీ తిప్పితే కదలదు. పాత సామాన్లవాడు చూసి "రెండొందలిస్తా" అన్నాడు. ఒక రిపేరు షాపతను మాత్రం నాకు ఆశ పెట్టాడు. "అమ్మా, ఈ మోటారు తీసి పారేద్దాం. వేరేది వేసి, పెద్ద ఇత్తడి బాకా బిగిస్తా. కుక్కబొమ్మ ఎట్లాగూ ఉంది. పాతకాలం హెచ్.ఎం.వి. అంటే వేలకు వేలు పలుకుతుంది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ పూట నేను సరేననబోయాను. ఇల్లంతా తడిసి ముద్దయినప్పుడు పాత పెట్టెమీద మమకారం ఎక్కడ ఉంటుంది చెప్పండి?

ఆపింది మా మనవడు. ఇంటరు చదివే కుర్రాడు. "ఒక్కసారి విప్పి చూద్దాం నానమ్మా" అని కూర్చున్నాడు. ముందు మూతమీది కుక్కబొమ్మ రేకు దానంతట అదే చేతికి ఊడివచ్చింది. దాని కింద ఇంకేదో పలక ఉన్న గుర్తు! దీర్ఘచతురస్రంగా రంగు వెలవని చోటు, రెండు మూలల్లో సన్నటి మేకుల కంతలు. అంటే అక్కడ పూర్వం మరో పేరు ఉండేదన్నమాట. తరువాత పళ్ళెం ఎత్తి, పలక మరలు విప్పి, మోటారు పైకి తీశాడు. బురద తుడిచిన ఇనుపపలకమీద ఇంగ్లీషు అక్షరాల్లో "థోరెన్స్" అనీ, "మేడిన్ స్విట్జర్లాండ్" అనీ కనిపించింది.

నాకు కాస్త మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ అసలైనదని చెప్పుకున్నది నకిలీదా అనిపించింది. కాని ఆ పేరు పట్టుకుని చదువుకుంటూ పోతే తెలిసిన కథ వేరు. అది మీకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

గ్రామఫోనుకు పాట రికార్డులో ఉంటుంది, గొంతు సౌండుబాక్సులో ఉంటుంది, ప్రాణం మాత్రం మోటారులో ఉంటుంది. ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోనుకు పేటెంటు తీసుకున్నప్పుడు దానికి మోటారే లేదు. విసుర్రాయి తిప్పినట్టు చేత్తో తిప్పాల్సిందే. చెయ్యి ఒక్కలాగే తిరుగుతుందా? కాస్త తొందరపడితే పాడేవారి గొంతు సన్నగా కీచుమంటుంది, నిదానిస్తే మూలిగినట్టు ఉంటుంది. ఈ చిక్కు తీర్చినవాడు అమెరికాలో కామ్డెన్ అనే ఊళ్లో చిన్న యంత్రాల షాపు నడుపుకునే ఎల్డ్రిడ్జ్ జాన్సన్. 1896లో బెర్లినర్ కంపెనీకోసం స్ప్రింగు మోటారు చేసి ఇచ్చాడు. ఆ తరువాత 1901లో విక్టర్ కంపెనీ పెట్టింది ఆయనే.

మోటారు పనితీరు అర్థం చేసుకోవడం ఏమంత కష్టం కాదు. ఒక గుండ్రటి డబ్బాలో పొడుగాటి ఉక్కుపట్టీ చుట్టి ఉంటుంది. మీరు కీ తిప్పినకొద్దీ అది బిగుస్తుంది. వదిలితే విచ్చుకోవాలని చూస్తుంది. ఆ బలం పళ్లచక్రాల మీదుగా పళ్ళేన్ని తిప్పుతుంది. అయితే ఉక్కుపట్టీ వదిలినప్పుడు మొదట జోరు, చివర నీరసం. మరి పళ్ళెం ఒకే వేగంతో ఎట్లా తిరుగుతుంది? దానికి గవర్నరు అని ఒకటుంది. సన్నటి ఇరుసు చుట్టూ మూడు చిన్న గుండ్లు, పలుచటి పట్టీలకు బిగించి ఉంటాయి. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుంటాయి. కోలాటంలో పిల్లలు గిర్రున తిరిగితే పరికిణీలు విచ్చుకోవూ, అట్లా. అవి విచ్చుకోగానే ఇరుసుమీది బిళ్ల జరిగి తోలుముక్కకు ఒరుసుకుంటుంది, వేగం తగ్గుతుంది. రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది ఈ మూడు గుండ్ల చలవవల్లనే. ఒకసారి కీ ఇస్తే పది అంగుళాల రికార్డు ఒక పక్క, అంటే సుమారు మూడు నిమిషాలు పాడాలి.

ఇప్పుడు ఆ కుక్కబొమ్మ సంగతి చూడండి. నిప్పర్ అనే ఆ కుక్కను చిత్రించినవాడు ఫ్రాన్సిస్ బరాడ్. ఆయన మొదట గీసిన బొమ్మలో కుక్క ముందున్నది గ్రామఫోను కానే కాదు, ఎడిసన్ తరహా ఫోనోగ్రాఫు. 1899లో లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ "మా యంత్రం పెట్టి గీస్తే కొంటాం" అంది. ఆయన పాతది చెరిపి కొత్తది గీసి ఇచ్చాడు. వంద పౌన్లు ముట్టాయి. ఆ కొత్త యంత్రంలో మోటారు ఎవరిదనుకున్నారు? కామ్డెన్‌లో జాన్సన్ షాపులో తయారై ఓడమీద లండన్ చేరినది! అంటే లోకమంతా నమ్మిన ఆ ముద్రలోనే పేరు ఒకరిది, మోటారు ఇంకొకరిది. ఇది మోసం కాదు, ఆ వ్యాపారం తీరే అంత. ముద్ర అమ్మేవాడిది. చేసినవాడి సంగతి అడుగున ఉంటుంది.

మా మోటారు పుట్టిన థోరెన్స్ కంపెనీ స్విట్జర్లాండు కొండల్లో సెంత్ క్రువా అనే చిన్న ఊరిది. అక్కడ 1814 నుంచి పైయార్ కుటుంబంవారూ, 1883 నుంచి థోరెన్స్ వారూ పనిచేశారు. మొదట చేసినవి గ్రామఫోనులు కావు, సంగీతపు పెట్టెలు. మూత తెరిస్తే టింగుటింగుమని పాట పాడే పెట్టెలు మీరు చూసే ఉంటారు. లోపల ఇత్తడి గొట్టంమీద వందలకొద్దీ సన్నటి మొలలు ఉంటాయి. ఆ మొలలు ఒక్కొక్కటీ గుచ్చే పని చాలావరకు ఆ ఊరి ఆడవాళ్లే ఇళ్లల్లో కూర్చుని చేసేవారు. మన దగ్గర లేసు అల్లినట్టు, బీడీలు చుట్టినట్టు. ఎడిసన్ యంత్రమూ, బెర్లినర్ పళ్లేలూ వచ్చి ఆ పెట్టెల గిరాకీని దెబ్బతీశాయి. అప్పుడు ఆ ఊరు చేతులు ముడుచుకు కూర్చోలేదు. స్ప్రింగు బిగించడం, పళ్లచక్రాలు కోయడం, వేగం అదుపులో పెట్టడం వాళ్లకు వచ్చిన విద్యే కదా. ఆ విద్యతోనే గ్రామఫోను మోటార్లు మొదలుపెట్టారు. ఆ మోటార్లు దేశదేశాలకు పోయాయి. ఎవరికి కావలసిన పెట్టెలో వాళ్లు బిగించుకుని, ఎవరి పేరు వాళ్లు వేసుకున్నారు.

జర్మనీలోనూ ఇంతే. బెర్లిన్‌లో కార్ల్ లిండ్‌స్ట్రోమ్ కంపెనీ మోటార్లు, గ్రామఫోనులు పెద్ద ఎత్తున చేసేది. 1914లో యుద్ధం వచ్చి ఇంగ్లండుకు జర్మనీ సరుకు ఆగిపోయింది. 1915లో ఇంగ్లండు ప్రభుత్వం గడియారాలతోపాటు సంగీత పరికరాల దిగుమతిమీద కూడా మూడోవంతు సుంకం వేసింది. దాంతో మోటార్లు సొంతంగా చేసుకోవాలన్న ఆలోచన అక్కడ బలపడింది.

ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక ముచ్చటైన సంగతి ఉంది. లండన్‌లో గ్యారార్డ్ అని రాజకుటుంబపు నగల వ్యాపారులు. మన కృష్ణాతీరంలో కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పుకునే కోహినూరును 1852లో తిరిగి సానపట్టించే పని చూసినది వాళ్లే. ఆ వజ్రం పొదిగిన రాణుల కిరీటాల్లో కొన్ని చేసిందీ వాళ్లే. ఆ నగల కంపెనీవారు యుద్ధకాలంలో, 1915లో, ఫిరంగుల గురికి దూరం కొలిచే సాధనాలు చెయ్యడానికి ఒక యంత్రాల కంపెనీ పెట్టారు. యుద్ధం ముగిసింది. అంత నాజూకు పని నేర్చిన చేతులకి పని కావాలి. 1919లో స్విండన్ అనే ఊళ్లో గ్రామఫోను మోటార్లు మొదలుపెట్టారు. డెక్కా వంటి కంపెనీల పెట్టెల్లో ఆ మోటార్లు వెళ్లాయి. కాబట్టి మీ తాతగారి గ్రామఫోను అడుగున గ్యారార్డ్ అని కనిపిస్తే, అది కోహినూరుతో చుట్టరికం ఉన్న పేరని గుర్తుంచుకోండి!

మరి మన దేశానికి ఇవన్నీ ఎట్లా వచ్చాయి? 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. మొదట్లో రికార్డులు జర్మనీలో అచ్చయి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టారు. 1928లో అది డమ్‌డమ్‌కు మారింది. ఆ రికార్డుకు ముఖ్యమైన సరుకు లక్క. మోదుగ, కుసుమ, రేగు కొమ్మలమీద చిన్న పురుగు పెట్టే లక్క. లాడ్ బజారులో మనం బేరమాడి కొనే గాజుల లక్కకూ, ఆ రికార్డుల లక్కకూ పుట్టిల్లు ఒకటే.

దక్షిణాదిన మద్రాసు కేంద్రం. తరువాత ఏ.వి.ఎం. స్టూడియో పెట్టిన మెయ్యప్పన్ గారు మొదట సరస్వతీ స్టోర్స్ పేరుతో ఓడియన్ రికార్డుల వ్యాపారం చేసినవారే. కపిలవాయి రామనాథశాస్త్రి గారి నాటక పద్యాలు, రావు బాలసరస్వతీదేవి పాటలు రికార్డులకెక్కి, కరెంటు లేని పల్లెలకు కూడా చేరాయంటే ఈ కీ పెట్టెల పుణ్యమే. పెద్ద కంపెనీ యంత్రం అందరికీ అందేది కాదు. అందుకని ఊరూరి వ్యాపారులు విదేశీ మోటారు తెప్పించి, ఇక్కడి వడ్రంగిచేత పెట్టె చేయించి, తమ దుకాణం పేరు మేకుకొట్టి అమ్మేవారు. మా అత్తమ్మది ఆ రకం. దాని పెట్టె ఇక్కడిదే, మోటారు స్విస్సుది.

సరే, మీ ఇంట్లో పెట్టె ఉంటే మోటారు ఎవరిదో తెలుసుకోవడం ఎలా? ఇవిగో నేను నేర్చుకున్న పద్ధతులు.

మొట్టమొదట, కీ ఇచ్చి ఉన్న మోటారును విప్పకండి. పళ్ళేన్ని తిరగనిచ్చి స్ప్రింగు పూర్తిగా వదులయ్యాకనే మరలు తీయాలి. స్ప్రింగు డబ్బా మూత మాత్రం ఎప్పుడూ ఇంట్లో తెరవొద్దు. ఆ ఉక్కుపట్టీ ఒక్కసారి విరజిమ్మితే వేళ్లు తెగుతాయి. అది తెలిసినవాళ్ల పని.

మోటారు పైకి తీశాక మెత్తటి గుడ్డతో తుడిచి, పై పలకమీద, స్ప్రింగు డబ్బామీద, గవర్నరును పట్టి ఉంచే కమ్మీమీద అక్షరాలు వెతకండి. బ్యాటరీ దీపం ఏటవాలుగా పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా తేలుతాయి. పేరు లేకపోయినా దేశం పేరు ఉండవచ్చు. సరుకు ఎక్కడిదో విషయంలో కొనేవాళ్లు మోసపోకుండా ఇంగ్లండులో 1887లో, మన దేశంలో 1889లో చట్టాలు వచ్చాయి. అందుకే "స్విస్ మేడ్", "మేడిన్ జర్మనీ", ఒక్కోచోట వట్టి "ఫారిన్" అన్న మాటలు కనిపిస్తాయి.

ఏ అక్షరమూ లేకపోతే ఆకారమే సాక్ష్యం. స్ప్రింగు డబ్బాలు ఎన్ని? గవర్నరు పడుకుని ఉందా, నిలబడి ఉందా? కీ మరలాగా తిప్పి ఎక్కించేదా, గాడిలో పెట్టి మెలిపెట్టేదా? ఒక కంపెనీ కీ ఇంకొకదానికి తరచుగా పట్టదు. అందుకే కీ పారేయకండి, కోడలి పుట్టింటి ఆనవాలులాగా అది మోటారు పుట్టిల్లు చెబుతుంది. ఇవన్నీ ఫోటో తీసి పెట్టుకుంటే పాత కేటలాగుల బొమ్మలతో పోల్చవచ్చు.

ఆ తరువాత పలకను చూడండి. మోటారు బిగించిన మరలు కాక ఖాళీ కంతలు ఉన్నాయా? కీ దూరే రంధ్రాన్ని పెద్దది చేశారా, పక్కకు జరిపారా? ఉంటే ఆ పెట్టెలో మొదట ఉన్న మోటారు వేరు, ఇప్పుడున్నది వేరు. హెచ్.ఎం.వి. వారు ఇంగ్లండులో హేస్ అనే ఊళ్లో 1907లో సొంత ఫ్యాక్టరీకి పునాది వేయించారు. ఆ రాయి వేసింది నెల్లీ మెల్బా అనే గాయని. ఆ కంపెనీ తరువాతి రోజుల్లో సొంత మోటార్లే చేసుకుంది. 1925లో వచ్చిన 101 రకం, 1931లో వచ్చిన 102 రకం పోర్టబుల్ పెట్టెలు అలాంటివి. కాబట్టి కుక్కబొమ్మ ఉన్న పెట్టెలో స్విస్సు మోటారు కనిపిస్తే కాస్త ఆగి ఆలోచించాలి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పాతకాలం గ్రామఫోనని ధగధగలాడే ఇత్తడి బాకాతో, ఎనిమిది మూలల పెట్టెతో, మీద కుక్కబొమ్మతో బజార్లో అమ్ముతున్న వాటిలో ఎన్నో కొత్తగా తయారైనవే. లోపల ఏ పోర్టబుల్ పెట్టె నుంచో పీకిన మోటారు ఉంటుంది. అలా ఒక అతుకుల బొంత తయారుకావడానికి ఒక నిజమైన పెట్టె ప్రాణం పోగొట్టుకుంటుంది. మా ఇంట్లో జరగబోయిందీ అదే. అలంకారానికి కొనుక్కుంటే తప్పులేదు, అలంకారం ధరకే కొనండి. ఇంటాయన గృహప్రవేశానికి "యాంటిక్" అని తెస్తానంటే, ముందు పళ్ళెం ఎత్తించి చూపించమనండి.

మోటారు ఆరోగ్యం చూడడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రికార్డు అంచు కింద చిన్న కాగితం ముక్క పెట్టి తిప్పండి. గడియారం చూస్తూ నిమిషానికి అది ఎన్నిసార్లు తిరిగివచ్చిందో లెక్కపెట్టండి. 78 వస్తే మోటారు నిక్షేపంగా ఉన్నట్టు. ఇంకో మాట. చింతపండు, ఇటుకపొడి పెట్టి మాత్రం తోమకండి. మన చేతులకి ఇత్తడి కనిపిస్తే తోమాలనిపిస్తుంది. తోమితే మెరుపు వస్తుంది, పేరు పోతుంది.

ఇక మా అత్తమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. "అది హెచ్.ఎం.వి. కాదత్తమ్మా" అని చెప్పడానికి నాకు వారంరోజులు నోరు రాలేదు. పుట్టింటివారిచ్చిన వస్తువు కదా. చివరికి కుక్కబొమ్మ రేకు చేతిలో పెట్టి చెప్పాను. ఆవిడ దానికేసి కాసేపు చూసి, "గా బొమ్మ నేనే కొట్టిచ్చిన బిడ్డా" అన్నారు.

పెళ్లయి వచ్చిన వారానికి ఇంట్లో పెద్ద ముత్తయిదువ ఒకావిడ పదిమందిలో ఆ పెట్టె చూసి, "కుక్కబొమ్మ లేదేంది? మీ నాయినకు నకిలీది అంటగట్టిండ్రు" అన్నదట. పదహారేళ్ల పిల్ల ఏం చెబుతుంది? రాత్రంతా ఏడ్చిందట. తరువాత పుట్టింటికి వెళ్లినప్పుడు తమ్ముడు ఎక్కడో పాడైపోయిన పెట్టెమీది బొమ్మ తెచ్చి, దుకాణం పేరు పలక పీకి, దీన్ని బిగించాడు. ఆ రోజునుంచి అది హెచ్.ఎం.వి. అయింది. ఆ మాట అరవై తొమ్మిదేళ్లు ఆవిడ కడుపులోనే ఉండిపోయింది.

"అయితే బిడ్డా, మా నాయిన తెచ్చింది మంచిదేనా?" అని అడిగారు.

"మంచిదే అత్తమ్మా. స్విట్జర్లాండుది. ఎవరూ మోసం చెయ్యలేదు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఒక పాట పెట్టుండ్రి మరి" అన్నారు.

అప్పటికప్పుడు పెట్టలేకపోయాం. పాత గ్రీజు రాయిలా గట్టిపడింది. తెలిసిన ముసలి మెకానిక్ ఒకాయన శుభ్రం చేసి ఇచ్చేసరికి రెండు నెలలు పట్టింది. మోటారు మార్చలేదు. పెట్టెకు కొత్త రెక్సిను వేయించాం. కుక్కబొమ్మ తిరిగి బిగించాలా వద్దా అని ఇంట్లో పెద్ద వాదన జరిగింది. చివరికి బొమ్మ బిగించాం, అదీ ఆ పెట్టె చరిత్రే కదా! అయితే లోపల, మోటారు పక్కన, ఒక కాగితం మడిచి పెట్టాం. మోటారు ఎవరిది, పెట్టె ఎప్పటిది, ఎవరు ఎవరికి ఇచ్చారు, బొమ్మ ఎవరు ఎందుకు కొట్టించారు అన్నది అత్తమ్మ చెబుతుంటే మనవడు రాశాడు.

మీ ఇంట్లోనూ అలాంటి వస్తువులు ఉంటాయి. గ్రామఫోనే కానక్కర్లేదు, కుట్టుమిషనో గోడగడియారమో కావచ్చు. ఈ ఆదివారం తీరిక చేసుకుని ఒకటి దించి, అడుగున ఏముందో చూడండి. చూసింది ఒక కాగితంమీద రాసి లోపల పెట్టండి. చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని చెయ్యండి.